బొమ్మ ఆపి అడుగుదాం

 

నాదెండ్ల అనగానే సాహిత్యం చదివినవాళ్లకు గోపమంత్రి గుర్తొస్తాడు. తిమ్మరుసు మేనల్లుడు, రాయల కాలంలో కొండవీటి సీమను ఏలినవాడు, 'కృష్ణార్జున సంవాదం' రాసిన కవి. ఎదురెదురుగా నిలబడి మాటకు మాట చెప్పుకోవడమే సంవాదం. ఆ కవి ఇంటిపేరున్న ఈ ఊళ్లో, పాఠంలో సంవాదం గురించి మాట్లాడే అవకాశం దక్కినందుకు కృతజ్ఞుణ్ణి.

మనిషి పుట్టుక మీద తీసిన డాక్యుమెంటరీని తరగతిలో ఎలా వాడుకోవాలన్నది ఈ పల్నాడు ఉపాధ్యాయ సదస్సు విషయం. మన బడుల్లోకి తాకితే పనిచేసే పెద్ద తెరలు, అంటే ఐఎఫ్‌పీలు వచ్చాయి. వేలు తాకిస్తే ఆఫ్రికా మైదానాలు గోడమీద కదులుతాయి. మొదటిసారి నేను చేసిన పని చెబుతాను. 2003లో వచ్చిన 'ది జర్నీ ఆఫ్ మ్యాన్' తొమ్మిదో తరగతికి మొదలుపెట్టి, చివరిదాకా ఆపకుండా వేశాను. పిల్లలు కదలకుండా చూశారు. మర్నాడు ఏం తెలిసిందో రాయమంటే, సగంమంది 'పాతకాలం మనుషులు అడవిలో ఉండేవాళ్లు' అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. ఇంగ్లీషు వ్యాఖ్యానం చెవులకు తగిలి వెళ్లిపోయింది. పాఠం నేను చెప్పలేదు, యంత్రానికి అప్పగించాను. ఆ రోజే తప్పు తెలిసింది.

మన గుంటూరు సీమలో బుర్రకథకు పెద్దదిక్కు, పొన్నెకల్లు నాజర్ గారు. ఆ తప్పు దిద్దుకోవడానికి ఆయన కళ మనకో దారి చూపిస్తుంది. బుర్రకథలో కథకుడు ఒక్కడే సాగిపోడు. ఒకపక్క హాస్యం చెప్పే వంత, మరోపక్క రాజకీయం చెప్పే వంత ఉంటారు. కథ వేగం అందుకోగానే వంత అడ్డుపడతాడు, 'ఎందుకట్లా జరిగింది?' అని అడుగుతాడు. జనం మనసులోని ప్రశ్న ఆయన నోట వస్తుంది. డాక్యుమెంటరీని కథకుణ్ణి చేద్దాం. టీచరు వంత కావాలి. పది నిమిషాల ముక్క చాలు. అవసరమైతే శబ్దం తగ్గించి మన తెలుగులో మనమే చెప్పాలి. సరైన చోట బొమ్మ ఆపి, 'ఇది వాళ్లకెలా తెలిసింది?' అని అడగాలి.

ఆపాల్సిన చోట్లు కొన్ని చెబుతాను. మొదటిది, 'ది జర్నీ ఆఫ్ మ్యాన్'లో జన్యు శాస్త్రవేత్త స్పెన్సర్ వెల్స్ మదురై దగ్గరి పల్లెకు వస్తాడు. ఆఫ్రికా నుంచి తీరం వెంట నడిచి వచ్చిన తొలి మనుషుల ఆనవాలు అక్కడి ఒకరి రక్తంలో దొరికిందంటాడు. ఆ ఆనవాలు ఉండేది వై క్రోమోజోములో. అది తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది. ఇక్కడ బొమ్మ ఆపండి. 'మీ ఇంట్లో అట్లా తండ్రి నుంచి కొడుక్కి దిగేది ఇంకేముంది?' అని అడగండి. ఇంటిపేరని ఎవరో ఒకరు చెప్తారు. అప్పుడు బోర్డుమీద చెట్టు గీయించండి. అమ్మానాన్నలు ఇద్దరు, తాతలూ అమ్మమ్మా నానమ్మా కలిపి నలుగురు, ఆ పై తరంలో ఎనిమిది మంది. పదో తరానికి 1,024 స్థానాలు. ఇంటిపేరు చూపేది అందులో ఒక్కరిని. మిగిలిన 1,023 చోట్ల ఉన్నవాళ్లూ మనవాళ్లే. ఒక్క గీత పట్టుకుని మొత్తం వంశం చెప్పలేమని ఎనిమిదో తరగతి పిల్ల కూడా గ్రహిస్తుంది.

రెండోది, సినిమా వయసు. అందరి పూర్వపురుషుడు 60 వేల ఏళ్ల కిందటివాడని ఆ చిత్రం చెప్పింది. తర్వాతి పరిశోధనలు ఆ కాలాన్ని లక్ష ఏళ్లు దాటించి వెనక్కి జరిపాయి. 2010లో నియాండర్తల్ జన్యుపటం వెలువడింది. ఆఫ్రికా బయటి మనుషులందరిలో వాళ్ల అంశ కొంత ఉందని తేలింది. ఆ కృషికే స్వాంటే పాబోకు 2022లో నోబెల్ వచ్చింది. 2003 నాటి సినిమాకు ఇవేవీ తెలియవు. తీసిన ఏడాది బోర్డుమీద రాసి, ఆ తర్వాత దొరికినవి కిందికి చేర్చుకుంటూ పోవాలి. సవరించుకోవడమే సైన్సు బలమని పిల్లలకు కంటికి కనబడుతుంది.

మూడోది, ఎముక ఎక్కడ ముగిసింది, ఊహ ఎక్కడ మొదలైంది అన్నది. 1974లో ఇథియోపియాలో దొరికిన, మనిషి పూర్వజాతికి చెందిన లూసీ అస్థిపంజరంలో మిగిలింది దాదాపు 40 శాతమే. డాక్యుమెంటరీల్లో తెరమీద ఆమెకు చర్మం రంగుంది, జుట్టుంది, చూపుంది. వాటిని కళాకారుడు ఇచ్చాడు. నోటుబుక్కు పేజీ నడుమ గీత గీసి, ఒకపక్క దొరికింది, మరోపక్క ఊహించింది రాయించండి.

ఇక కాలం. లూసీ బతికింది 32 లక్షల ఏళ్ల కిందటంటే పిల్లలకు అంకె తప్ప ఏమీ తెలియదు. మనది పత్తి నేల. నూలు దారం 32 మీటర్లు కొలిచి వరండా పొడుగునా కట్టించండి. మీటరుకు లక్ష ఏళ్లు. ఈ చివర ఇవాళ, ఆ చివర లూసీ. చెన్నై దగ్గరి అత్తిరంపాక్కంలో చేతిగొడ్డళ్లు చెక్కిన మనుషులు 15 మీటర్ల దగ్గర. మొరాకోలో దొరికిన తొలి హోమో సేపియన్లు 3 మీటర్ల దగ్గర. మన నాగార్జునకొండ ఇక్ష్వాకుల స్తూపాలు ఒకటిన్నర సెంటీమీటరు దాటిన చోట. పల్నాటి యుద్ధం ఒక సెంటీమీటరు కూడా రాదు. మా బడిలో ఒక అమ్మాయి ఆ చివరి సెంటీమీటరును వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. అంతకు మించిన పాఠం నేనెన్నడూ చెప్పలేదు.

ఆ దారం మీదే 74 సెంటీమీటర్ల దగ్గర ముడి వేయండి. అది కర్నూలు సీమ జ్వాలాపురం. సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద అక్కడ పొరగా పడి ఉంది. ఆ పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం ప్రకటించింది. అవి చేసింది మనలాంటి మనిషేనా? ఆ పొరల్లో మనిషి ఎముక దొరకలేదు కాబట్టి వాదన తెగలేదు. తెగని వాదనను పిల్లల ముందు పెట్టడానికి మనం జంకకూడదు.

సినిమా ముగిశాక నాగార్జునకొండకు వెళ్దాం. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ఆ లోయ తవ్వారు. శిల్పాలూ శాసనాలే కాక, పాత రాతియుగం నుంచి పెద్దరాతి సమాధుల దాకా వరసగా బయటపడ్డాయి. ఇప్పుడా లోయ కృష్ణ నీళ్ల కింద ఉంది. పనిముట్లు మాత్రం లంక మీది మ్యూజియంలో ఉన్నాయి. విజయపురి సౌత్‌లో లాంచి ఎక్కితే చాలు.

'కోతి నుంచి పుట్టామా సార్?' అన్న ప్రశ్న ఎటూ వస్తుంది. దాయాదులంటే ఎవరో పల్నాటి పిల్లలకు చెప్పనక్కర్లేదు. చింపాంజీ మన తాత కాదు, దాయాది. ఇద్దరికీ మూలపురుషుడొకడు సుమారు 60, 70 లక్షల ఏళ్ల కింద ఉన్నాడు. ఇంట్లో విన్న సృష్టికథ వేరుగా ఉందని పిల్లవాడంటే కసరవద్దు. 'ది జర్నీ ఆఫ్ మ్యాన్'లోనే ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ చిత్రకారుడు తమ కథ వేరని వెల్స్ ముఖానే చెప్తాడు. వెల్స్ వింటాడు. తన దగ్గరున్న ఆధారం చూపిస్తాడు. మనమూ అంతే చేయాలి.

ఈ పాఠం మన ఊళ్లకు మరీ అవసరం. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2009లో 25 సమూహాల జన్యువులు పరిశీలించారు. దేశంలో దాదాపు అందరూ రెండు ప్రాచీన జనాల కలయికతో వచ్చినవాళ్లేనని తేలింది. కులమేదైనా, గూడెమేదైనా కలవని రక్తమంటూ దాదాపు మిగల్లేదు. ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లలకు ఈ మాట మనం చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు తిరిగి పెట్టమని లేఖ రాశారు. పుస్తకంలో పేజీలు తగ్గినప్పుడు టీచరు బాధ్యత పెరుగుతుంది.

నా విన్నపం ఒక్కటే. వచ్చే విద్యాసంవత్సరం ప్రతి ఉన్నత పాఠశాలలో సైన్సు టీచరు, సోషల్ టీచరు ఇద్దరూ కలిసి ఒక్క పీరియడ్ ఈ పాఠానికి ఇవ్వండి. పది నిమిషాల బొమ్మ వేయండి, మిగిలిన సమయం పిల్లల ప్రశ్నలకు ఇవ్వండి. వరండాలో దారం కట్టండి. వాళ్లు అడిగిన ప్రశ్నలు రాసిపెట్టి వచ్చే సదస్సుకు తీసుకురండి. వచ్చే ఏడాది మన చర్చ ఆ ప్రశ్నలతోనే మొదలుపెడదాం.