ఒకే పడుగు, వేరు వేరు పేకలు

సూరత్ అనగానే మరమగ్గాలు, వాటి ముందు నిలబడ్డ మన తెలుగు నేతన్నలు గుర్తొస్తారు. అదే జిల్లాలో వస్తాన్ లిగ్నైట్ గని ఉంది. అక్కడ సుమారు 5.4 కోట్ల ఏళ్లనాటి గబ్బిలాల శిలాజాలు, గుర్రానికి దూరపు చుట్టమైన కాంబేథీరియం ఎముకలు దొరికాయి.

ఈ జీవులు ఎంత వేరుగా కనిపించినా, మగ్గం మీది పడుగులాగా, గబ్బిలం రెక్కకైనా, గుర్రం ముంగాలికైనా, మన చేతికైనా ఎముకల మూల నమూనా ఒక్కటే. పైన ఒక ఎముక, కింద రెండు, ఆ తర్వాత మణికట్టు, వేళ్లు.

మనిషి పిండంలో నాలుగో వారానికి చేతుల మొగ్గలు తొడుగుతాయి. వాటిలో ముందు మృదులాస్థి అచ్చు కడుతుంది, తర్వాత అది ఎముకగా మారుతుంది. ఎక్కడ ఏది రావాలో నిర్ణయించడంలో హాక్స్ జన్యువులది పెద్ద పాత్ర. మనకు వేళ్ల మధ్య పొరలోని కణాలు చనిపోయి వేళ్లు విడివడతాయి. గబ్బిలానికి ఆ పొర నిలిచిపోయి, వేళ్లు సాగి రెక్క అవుతుంది.

పడుగు పాతదే. పేక మారితే కొత్త బట్ట!