గజాలు పెరిగే కొద్దీ ఇరుకయ్యే గుమ్మం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఫీల్డ్ గోల్ అంటే తోటి ఆటగాడు నేల మీద నిలబెట్టి పట్టుకున్న బంతిని తన్ని, రెండు స్తంభాల మధ్యగా అడ్డకమ్మీ పైనుంచి దాటించడం. దానికి మూడు పాయింట్లు. వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్.ఎఫ్.ఎల్.లోనూ కాలేజీల్లోనూ స్తంభాల మధ్య వెడల్పు పద్దెనిమిదిన్నర అడుగులు, అడ్డకమ్మీ ఎత్తు 10 అడుగులు. ఈ కొలతలు మారవు. మారేదల్లా తన్నేవాడి కంటికి కనిపించే సందు.

సరిగ్గా ఎదురుగా, 20 గజాల దూరంలో నిలబడితే ఆ సందు పదిహేడున్నర డిగ్రీలు. 50 గజాలకు వెళ్తే 7 డిగ్రీలే! గురి నడిమి నుంచి నాలుగు డిగ్రీలు పక్కకు పోయిందా, బంతి బయటే. పైగా అంత దూరం పోవాలంటే బంతిని కాస్త తక్కువ ఎత్తులో పోయేలా తన్నాలి. అప్పుడు ఎదుటివాళ్లు చేతులెత్తి అడ్డుకునే వీలు పెరుగుతుంది.

మరి కోణం సంగతి? కాలేజీ ఆటలో మైదానం మీది హాష్ గీతలు, అంటే బంతిని ఏ హద్దుల మధ్య ఉంచి ఆట మొదలుపెట్టాలో చూపే గుర్తులు, 40 అడుగుల ఎడంగా ఉంటాయి. గీత మీంచి తన్నేవాడు నడిమికి 20 అడుగులు పక్కగా ఉన్నట్టు. 20 గజాల దగ్గర అతనికి సందు 16 డిగ్రీల లోపుకు తగ్గిపోతుంది. 50 గజాల దగ్గర తగ్గేది డిగ్రీలో ఏడో వంతు కూడా కాదు. ఈ లెక్కలో నన్ను ఆశ్చర్యపరిచింది ఇదే: పక్కవాటు దెబ్బ దగ్గర్లోనే ఎక్కువ.

అయినా ఎంతో దూరం నుంచి కూడా బంతి ఆ సందులోంచి పోవచ్చు. 2021లో డెట్రాయిట్‌లో జరిగిన ఎన్.ఎఫ్.ఎల్. ఆటలో బాల్టిమోర్ జట్టు తరఫున తన్నే జస్టిన్ టక్కర్ 66 గజాల నుంచి తన్నిన బంతి అడ్డకమ్మీకి తగిలి, పైకెగిరి అవతల పడింది. బాల్టిమోర్ 19-17తో గెలిచింది.