ఉద్యోగం మానితేనే సాయమా?
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది ఒక సోదరుడు మా దగ్గరికి వచ్చారు. జీతం నెలకు 19,000. తల్లి వైద్యానికి, చెల్లెలి నికాహ్‌కు చేసిన అప్పు వడ్డీలతో పెరిగి మీదకొచ్చింది. "ఉద్యోగం ఉంటే ఐపీ చెల్లదంటున్నారు. మానెయ్యమంటారా?" అని అడిగారు.

వకీలును సంప్రదించాం. 1920 నాటి ఇన్సాల్వెన్సీ చట్టంలో జీతానికి పరిమితి లేదు. కనీసం 500 రూపాయల అప్పు ఉండి, తీర్చే శక్తి లేకపోతే చాలు. అప్పులవాళ్ళు డిక్రీ తెచ్చినా జీతమంతా జప్తు కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి వెయ్యి, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. అంటే ఆయనకు 13,000 మిగులుతుంది. ఉద్యోగం మానితే అదీ పోతుంది.

తప్పు మా వైపూ ఉంది. మా దరఖాస్తులో మొదటి ప్రశ్న "ఉద్యోగం ఉందా?" అన్నదే. ఉందంటే పక్కన పెట్టేవాళ్ళం. తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్ హక్కుదారులు ఎనిమిది వర్గాలు. పేదలు ఒక వర్గమైతే, అప్పుల్లో చిక్కుకున్నవారు వేరొక వర్గం. ఆ ప్రశ్న తీసేశాం.

బఖరా సూరా 280వ ఆయత్ గుర్తుచేసి అప్పులవాళ్ళను గడువు అడిగాం. ఇద్దరు ఒప్పుకున్నారు. ఒప్పుకోని ఒకరి బాకీని మీ జకాత్‌తో తీర్చాం. మిగతాది ఆ సోదరుడే నెలనెలా కడుతున్నారు, అల్‌హమ్దులిల్లాహ్.

ఈ రమజాన్‌లో మీ జకాత్‌లో కొంత అప్పులపాలైన వారికోసం కేటాయించండి. వారి పేర్లు మా దగ్గరే భద్రంగా ఉంటాయి. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక, ఆమీన్.