సంకరజాతి కుక్కల వ్యాపారము - పంచాయతీ విచారింపవలసిన విషయములు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



కొంతకాలము క్రిందట ఒక గ్రామ సర్పంచిగారు చేతిలో ఒక దరఖాస్తుతో మా పశువైద్యశాలకు విచ్చేసిరి. పట్టణమునుండి వచ్చిన ఒక యువకుడు ఆ గ్రామ పొలిమేరలోని మామిడితోటలో షెడ్డు వేసి, లాబ్రడార్ కుక్కలను పూడిల్ కుక్కలతో జతకట్టించి, పుట్టిన పిల్లలను నగరములలో విక్రయింపదలచి పంచాయతీ అనుమతి కోరియుండెను. "ఇది కోళ్ల ఫారము వంటిదే గదా! నలుగురికి కూలి దొరకును, పంచాయతీకి పన్ను వచ్చును. సంతకము పెట్టవచ్చునా?" అని సర్పంచిగారు మమ్ము అడిగిరి. ఆనాడు మేము తొందరలో నుండి రెండు మాటలలో బదులు చెప్పితిమి. అది చాలదని తరువాత తోచినది. ఇట్టి దరఖాస్తులు మీలో ఎవరికైనను రావచ్చును గనుక ఆ సంగతినే నేడు కొంత విపులముగా మనవి చేయుచున్నాము.

మొదట ఈ కుక్క పుట్టుకను గూర్చి చెప్పవలెను. 1980 దశాబ్దము చివర ఆస్ట్రేలియా దేశమున, విక్టోరియా రాష్ట్రములో, అంధులకు దారిచూపు కుక్కలను తయారుచేయు సంస్థలో వాలీ కాన్రన్ అను ఆయన పెంపకపు పనిని చూచుచుండెను. హవాయి ద్వీపములనుండి చూపులేని ఒక స్త్రీ ఆ సంస్థకు జాబు వ్రాసెను. ఆమెకు దారిచూపు కుక్క కావలెను. కాని ఆమె భర్తకు కుక్క పడదు, దగ్గరకు వచ్చినంతనే ఎలర్జీ. పూడిల్ జాతి బొచ్చు అంతగా రాలదు గనుక ఆ జాతి సరిపోవునని కాన్రన్ 33 పూడిల్ కుక్కలను పరీక్షించి చూచెను. ఒక్కటియు దారిచూపు పనికి కుదరలేదు. తుదకు లాబ్రడార్‌ను పూడిల్‌తో జతకట్టించెను. మూడు పిల్లలు పుట్టెను. వాని బొచ్చును, లాలాజలమును హవాయికి పంపి చూడగా మూడింటిలో ఒక్కటి మాత్రమే ఆ భర్తకు పడినది. దాని పేరు సుల్తాన్. అది ఆ దంపతుల యింటికి చేరి తన పని తాను చేసెను.

కథ అంతటితో ముగిసినచో మనము దానిని మెచ్చుకొని ఊరకుండవచ్చును. కాని మిగిలిన రెండు పిల్లలను ఇండ్లలో ఉంచుకొని మచ్చిక చేయుటకు ఎవరును ముందుకు రాలేదు. శుద్ధజాతి పిల్ల కొరకు కాచుకొనియున్న వారు కూడ సంకరజాతి పిల్ల తమకు వద్దనిరి. అప్పుడు కాన్రన్ వానికి 'లాబ్రడూడిల్' అని పేరుపెట్టి, పత్రికలవారికి ఆ సంగతి తెలియజేయించెను. నిన్నటిదాక వద్దన్నవారే నేడు కావలెనని వచ్చిరి. పిల్లలు అవే, పేరే క్రొత్తది. తరువాత అనేక దేశములలో పెంపకందారులు తల్లిదండ్రుల ఆరోగ్యమును విచారింపకయే పూడిల్‌ను కనబడిన జాతికెల్ల జతకట్టించి, ఒక్కొక్క సంకరమునకు ఒక్కొక్క ముద్దుపేరు తగిలించి విక్రయింప మొదలిడిరి. తన జీవితములో పశ్చాత్తాపపడు పని ఇదియేనని కాన్రన్ 2019లో, వృద్ధాప్యమున, ఆస్ట్రేలియా ప్రసార సంస్థవారితో చెప్పుకొనెను.

అట్లయిన సంకరము చేయుటయే తప్పా? కాదని మా అభిప్రాయము. మన పాడిరైతులు నాటు ఆవులకు జెర్సీ బీజముతో చూలు కట్టించుట మీరెరిగినదే. అందులో ఉద్దేశ్యము స్పష్టము - పాలు. ఆబోతు ఏదో, దాని తల్లి ఎంత పాడి యిచ్చినదో తెలిసికొనిన పిమ్మటనే బీజమును సేకరింతురు; పల్లెలో ఏ ఆవునకు ఏనాడు సూది వేసినది పుస్తకములో వ్రాసికొందురు. పుట్టిన దూడ మంచిదో కాదో రైతు తన పాలచెంబులోనే కొలిచి చూచుకొనును. కుక్కపిల్లను కొన్నవారికి అట్టి కొలత లేదు. విక్రయించువాడు చెప్పిన మాటయే వారికి కొలత. కావున ఆ మాట నిజమా కాదా అన్నదే ఈ వ్యాపారములో మొదటి ధర్మప్రశ్న.

ఆ మాటలు ప్రధానముగా రెండు. ఈ కుక్క ఎలర్జీ కలిగింపదనునది ఒకటి. ఎలర్జీకి మూలము బొచ్చు కాదు. కుక్క లాలాజలములోను, చర్మము నుండి రాలు సన్నని పొట్టులోను ఉండు ఒక మాంసకృత్తు. బొచ్చు రాలకున్నంత మాత్రమున అది లేకపోదు. 2012లో నెదర్లండ్స్ దేశపు పరిశోధకులు లాబ్రడూడిల్, పూడిల్ మొదలగు 'ఎలర్జీ లేని' కుక్కల బొచ్చును ఇతర కుక్కల బొచ్చుతో పోల్చి చూచిరి. 'లేని' వాని బొచ్చులోనే ఆ పదార్థము హెచ్చుగా కనబడినది! మొట్టమొదటి ఈతలోనే మూడింట ఒక్కటి పనికివచ్చినదని పైన చెప్పితిమి. తరువాత పది పిల్లలు పుట్టిన ఈతలో మూడు మాత్రమే పనికివచ్చినవని కాన్రన్ స్వయముగా చెప్పెను. హైబ్రిడ్ ప్రత్తి వేసిన రైతునకు ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. కంపెనీ విత్తనముతో వచ్చిన పైరు ఒకే తీరుగ నుండును. దాని గింజలనే మరల చల్లినచో ఒక మొక్క పొడుగు, ఒక మొక్క పొట్టి. కుక్కల విషయము ఇంకను చిక్కు. ఆ విత్తనపు తల్లిదండ్రులను ఏండ్ల తరబడి ఒకే తీరుకు తెచ్చియుందురు. కుక్కలలో అట్టి పని జరగదు గనుక మొదటి సంకరములోనే పిల్లకు పిల్లకు పోలిక తప్పును.

సంకరజాతి గనుక రోగములు రావనునది రెండవ మాట. ఇందులో సగము నిజము కలదు, అందుచేతనే ఇది యెక్కువ ప్రమాదకరము. ఒక లోపము తల్లి జాతిలోనే యుండి తండ్రి జాతిలో లేనప్పుడు సంకరము మేలు చేయగలదు. కాని తుంటి కీలు సరిగా అమరక కుంటివగుట లాబ్రడార్లలోను కలదు, పెద్ద పూడిళ్లలోను కలదు. కంటి వెనుకపొర క్రమక్రమముగా క్షీణించి గ్రుడ్డివగు జబ్బు కూడ రెండు జాతులలోను కలదు. ఇరుప్రక్కలను ఉన్న లోపము పిల్లకు చేరకుండ ఏ ముద్దుపేరు ఆపగలదు? లండన్‌లోని రాయల్ వెటర్నరీ కళాశాలవారు ఇట్టి మూడు సంకరములను వాని మూలజాతులతో పోల్చి, 9,402 కుక్కల ఆరోగ్యమును విచారించి 2024లో ప్రకటించిరి. నూటికి 86 పైగా పోలికలలో భేదమే కనబడలేదు. అనగా సంకరము శుద్ధజాతికంటె చెడ్డదియు కాదు, మంచిదియు కాదు. శుద్ధజాతి వ్యాపారులు దీనిని చూచి గర్వింప పనిలేదు. 2003 ప్రాంతమున ఒక సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో కనబడిన చప్పిముక్కు పగ్ కుక్క కొరకు మన నగరములలో ఎగబడిరి. ఆ ముక్కుతో ఊపిరి యాడక, మన యెండలలో అవి పడు యాతనను మేము బల్లమీద చూచుచునే యున్నాము.

ఇంతవరకు కొనువారి సంగతి. ఇక తల్లి సంగతి. నిజమునకు మేము ఇచ్చటికి వచ్చినది దీనిని చెప్పుటకే.

గత వేసవిలో ఒకనాటి ప్రొద్దుట ఒక వ్యక్తి ఆటోట్రాలీలో ఒక ఆడకుక్కను మా వైద్యశాలకు తెచ్చెను. నొప్పులు మొదలై రెండు దినములైనను పిల్ల బయటకు రాలేదు. పండ్లను బట్టి చూడగా దానికి నాలుగైదేండ్లకు మించవు. పొదుగును చూచినచో ముసలిదాని వలె నుండెను. ఎన్ని ఈతలైనవని అడిగితిమి. వ్రేళ్లపై లెక్కించి, ఆరో ఏడో అని చెప్పెను. ఎదకు వచ్చిన ప్రతిసారి జతకట్టించినాడు. కడుపు కోసి చూడగా రెండు పిల్లలు, రెండును చచ్చియుండెను. గర్భసంచి చివికిపోయియుండుటచే దానిని తీసివేయక తప్పలేదు. ఆ వ్యక్తి బయట బెంచీపై కూర్చుండియుండెను. మేము వెళ్లి చెప్పగా అతడడిగిన ప్రశ్న ఒక్కటే: "మరల ఈనునా?" ఈనదని చెప్పితిమి. టీ త్రాగి వచ్చెదనని వెళ్లెను. తిరిగి రాలేదు.

మరునాడు దానిని లేపి ఆవరణలోని మట్టినేలపై దింపగా అది అడుగు వేయక వణకుచు నిలిచిపోయెను. కాలివ్రేళ్లు వెడల్పుగా విచ్చుకొనియుండెను. ఎప్పుడును కమ్మీల వలపైననే నిలిచినది గనుక దానికి నేల తెలియదని మా అటెండరు కనిపెట్టెను. దానిని అతడే తన యింటికి తీసికొనిపోయెను. నేలపై నడచుటకు దానికి పదిదినములు పట్టినది.

ఆ వ్యక్తి చేసినది కేవలము కఠినత్వమే కాదు, చట్టవిరుద్ధము కూడ. శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టి చేసిన కృషి ఫలితముగా 1960లో జంతువుల యెడ క్రూరత్వ నివారణ చట్టము వచ్చినది. దాని క్రింద కుక్కల పెంపకము, విక్రయములకు 2017లో ప్రత్యేక నియమములను చేసిరి. వాని ప్రకారము పెంపకందారుడు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావలెను. 18 నెలలు నిండని ఆడకుక్కను జతకట్టింపరాదు. ఏడాదికి ఒక ఈతకు మించరాదు, జన్మలో అయిదు ఈతలకు మించరాదు, ఎనిమిదేండ్లు దాటిన పిమ్మట అసలే కూడదు. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. ఈ నియమములు శుద్ధజాతికిని సంకరజాతికిని ఒక్కటే. ఇతర దేశములును ఈ దారినే నడచుచున్నవి. ఇంగ్లండులో 2020 నుండి ఆరునెలలలోపు పిల్లలను దళారులు అమ్మరాదు. కొనువారు పెంపకందారునే కలసికొని, తల్లితో కూడ పిల్లను చూడవలెను. ఒక పెంపకపు కొట్టమునుండి బయటపడిన లూసీ అను ఆడకుక్క పేర ఆ శాసనము ప్రసిద్ధమైనది.

కోళ్ల ఫారమునకును దీనికిని గల భేదమును సర్పంచిగారికి అప్పుడే చెప్పవలసియుండెను. కోడిగ్రుడ్డు ధర పడినను ఎవరో ఒకరు తినెదరు. అయిదునెలలు దాటిన కుక్కపిల్లను కొనువారుండరు. పండ్రెండు పదునాలుగేండ్లు బ్రతుకు ప్రాణి అది. దానిని ఏమి చేయుదురు? కొన్నవారి యింటిలోను ఈ సమస్యయే వచ్చును. పూడిల్ సంకరము బొచ్చు దువ్వకున్న అట్టలు కట్టును, క్రింద చర్మము పుండ్లు పడును. మన మే నెల యెండలలో దానిని సాకలేక కారులో తెచ్చి ఊరి బయట విడిచిపోవువారు కలరు. 2023నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము వీధికుక్కలకు శస్త్రచికిత్స, రేబిస్ టీకాలు వేయించు భారము స్థానిక సంస్థలది. అనగా షెడ్డు యజమాని లాభము తాను తీసికొనును, మిగిలినది మీ లెక్కలో పడును. షెడ్డులో పార్వో వ్యాధి ప్రవేశించినచో ఇంకను కష్టము. ఆ క్రిములు మట్టిలో నెలల తరబడి నశింపవు. అంటిన పిల్ల నాలుగైదు దినములు ఆరోగ్యముగనే కనబడును గనుక అమ్మకమునకు అడ్డులేదు. ఊరిలోని కుక్కపిల్లలు మాత్రము రక్తపు విరేచనములతో చచ్చును.

ఒక చిన్న మాట. మన ఊరకుక్కను చూచి 'సంకరము' అని తేలికగా అనుచుందురు. అది పొరపాటు. మేలుజాతులని పేరుపడినవి చాల ఏర్పడకమునుపే మన పల్లెలలో అది యున్నది. కొల్లేటి ప్రాంతమున బాతుల మందలను కాచిన జోనంగి జాగిలమునకును ఇట్టి పాతకాలపు పుట్టుకయే. పొట్టిబొచ్చు, ఎండకు తట్టుకొను ఒడలు. తోటకు కాపలా కావలెనన్న రైతునకు ఇంతకంటె చౌకగా, దిట్టముగా పనిచేయునది దొరకదు.

ఇక ఆ దరఖాస్తు మాట. బ్రతుకుతెరువు వెదకికొను యువకుని వెళ్లగొట్టుమని మేము చెప్పలేదు. సర్పంచిగారు అతనిని పంచాయతీ సమావేశమునకు పిలిపించిరి, మమ్మును రమ్మనిరి. రాష్ట్ర మండలి నమోదు పత్రమున్నదా అని సభ్యులు అడిగిరి. దరఖాస్తు పెట్టినానని రసీదు చూపెను. తల్లిదండ్రుల తుంటి, కన్నులు పరీక్ష చేయించితివా అని అడిగిరి. చేయింపలేదని, చేయించెదనని ఒప్పుకొనెను. ఎలర్జీ రాదని ప్రకటనలో వ్రాయరాదని చెప్పగా కొంత వాదించి తుదకు సరేననెను. కొన్నవారు వద్దని తిరిగి తెచ్చినచో పిల్లను తీసికొనెదవా అన్నదానికి, మొదటి సంవత్సరము వరకు తీసికొనెదననెను. అంతలో వార్డు సభ్యురాలొకరు లేచి, "ఆరు ఆడకుక్కలని వ్రాసినావు నాయనా, ఎనిమిదేండ్లు దాటిన తరువాత ఆ ఆరింటికి అన్నము పెట్టునది ఎవరు?" అని అడిగిరి.

యువకుడు కొంతసేపు ఆలోచించి, ఒక వారము గడువు కావలెననెను. సభ్యులు ఇచ్చిరి. వారము గడచిన పిమ్మట అతడు ఆరును కొట్టివేసి రెండని వ్రాసి, ఈతలు ముగిసిన తల్లులను తన యింటనే ఉంచుకొందునని కాగితముపై సంతకము చేసి తెచ్చెను. నమోదు పత్రము ఇంకను రావలసియున్నది. అది వచ్చిన తరువాత షెడ్డును చూచుటకు మేమును వచ్చెదమని సర్పంచిగారికి మాట యిచ్చితిమి. నేలపై కమ్మీల వల వేయరాదని మాత్రము ముందుగనే చెప్పియుంచితిమి.