చీకటితో ఆడిన ఆట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఏదేని ఒక గ్రంథమును గూర్చి ముచ్చటింపుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. పగలు సహకార సంఘములో చిట్టా ఆవర్జాలు వ్రాసికొనుచు, రాత్రులు టీకాతాత్పర్యముల సాయమున కావ్యములు చదువుకొన్నవాడను గనుక, నేను భారతమును గూర్చియో వసుచరిత్రమును గూర్చియో మాటలాడుదునని మీలో పలువురు తలంచి యుందురు. కాని నేడు చెప్పబోవునది కావ్యము కాదు. మూడవ బీరువాలో క్రింది అరలో అట్ట నలిగిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకమొకటి కలదు. అది ఒక ఆటకు నియమగ్రంథము. దానిని తీసివేయవలెనని మొన్నటి కార్యవర్గ సమావేశమున ప్రస్తావన వచ్చినది. "దయ్యముల పుస్తకము పిల్లల చేతికేల?" అని పెద్దలొకరు అడిగిరి. అడుగవలసిన ప్రశ్నయే.

ఆ ఆట పేరు ‘డార్క్ కాన్‌స్పిరసీ’, అనగా చీకటి కుట్ర. లెస్టర్ స్మిత్ అనునాయన రచింపగా అమెరికాలోని ‘గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్’ అను సంస్థ 1991లో ప్రకటించినది. ఫ్రాంక్ చాడ్విక్, మార్క్ మిల్లర్ మొదలగు మిత్రులు ఆ సంస్థను 1973లో ఇల్లినాయ్ రాష్ట్రమునందలి నార్మల్ అను చిన్న పట్టణమున స్థాపించిరి. నార్మల్ అనగా ఇంగ్లీషున సామాన్యమని అర్థము. ఇంత భయంకరమైన కల్పన సామాన్యపురము నుండి పుట్టెనని మేము నవ్వుకొనెడివారము. నిజమునకు ఆ పేరు అచ్చటి ఉపాధ్యాయ శిక్షణ విద్యాలయము వలన వచ్చినది. అట్టి విద్యాలయములను వారు నార్మల్ స్కూళ్లని పిలిచెడివారు. నా మేనమామ కుమారుడు, నాకు బావ, ఆ ఊరి విశ్వవిద్యాలయమున చదువుకొనెను. 1995 వేసవిలో సెలవులకు వచ్చినపుడు ఈ పుస్తకమును, పది ముఖముల పాచికలు రెంటిని తెచ్చెను.

ఆట యనగా మీకు పలకయో, గవ్వలో, పేకముక్కలో తోచును. ఇందులో అవేవియు లేవు. నలుగురైదుగురు చుట్టును కూర్చుందురు. ఒకరు సూత్రధారి, కథాస్థలమును, అచ్చట ఎదురుపడు మనుష్యులను, ఆపదలను ఆయన వర్ణించును. మిగిలినవారు తలయొక పాత్రను ధరించి, ఏమి చేయుదురో నోటితో చెప్పుదురు. సందేహము కలిగినచోట పాచిక వేయుదురు. తన నేర్పునకు గల సంఖ్యను పాచిక మించకున్న పని నెరవేరును. పని కఠినమైన కొలది ఆ సంఖ్య తగ్గిపోవును. ఇట్టి ఆటలు 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తో అచ్చునకెక్కినవి. మన అవధానమెరిగిన వారికి ఈ పద్ధతి క్రొత్తగా తోపదు. పృచ్ఛకుడు చిక్కు ముడి వేయును, అవధాని అప్పటికప్పుడు విప్పును. అప్రస్తుత ప్రసంగి కూడ మాలో ఒకడుండెను, భూతము తలుపు తట్టుచుండగా "కాఫీ వచ్చునా?" అని అడిగెడివాడు.

పాచికలనగానే ధర్మరాజు జ్ఞాపకమునకు వచ్చుట మన సంస్కారము. కాని ఇచ్చట పణము లేదు, ఒకరిపై నొకరి గెలుపు లేదు. నాకు జ్ఞాపకమునకు వచ్చువాడు నలుడు. అరణ్యపర్వమున ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను కాయలను చూచినంతనే లెక్కించి, ఆ సంఖ్యావిద్యను అక్షహృదయముతో గూడ నలునకిచ్చును. అంతట కలి అతని దేహమును విడుచును. లెక్క తెలిసినవానిని కలి విడిచెనన్న కథ లెక్కలు వ్రాయువానికి ప్రియమగుట వింత గాదు గదా!

ఈ ఆటలో పాత్రను కల్పించుటయు ఒక విధముగ ఖాతా వ్రాయుటయే. నాలుగేసి సంవత్సరముల గడువులుగా జీవితమును విభజింతురు. ఈ నాలుగేండ్లు ఏ వృత్తి చేసెను, ఏమి నేర్చెను, ఎవరితో పరిచయము సంపాదించెను అని గడువు గడువునకు జమ కట్టవలెను. వయసు పైబడిన కొలది దేహబలము ఖర్చు పద్దులోనికి పోవును. ఇంత నిక్కచ్చిగా మనుష్యుని పద్దు వ్రాసిన కల్పనను నేను వేరొకచోట చూడలేదు.

ఇక కథాకాలము. అది గ్రంథము వెలువడిన నాటికి సమీప భవిష్యత్తు. అమెరికాలో 1930ల నాటి ఆర్థిక మాంద్యమును మించిన మాంద్యము వచ్చినది. వ్యాపార సంస్థలు ప్రభుత్వములను మించినవి. జనము మహానగరములలో క్రిక్కిరిసినది. పల్లెపట్టులు చట్టము లేని బీళ్లయినవి. అట్లు విడిచిపెట్టబడిన చోట్లకు వేరు లోకములనుండి చీకటి శక్తులు వచ్చి పాదుకొన్నవి. మన కథలలో భేతాళుడు శ్మశానమునందలి చెట్టును వ్రేలాడును. రాజు ఒంటరిగా పోయి వానిని భుజమున కెత్తుకొనును. ఇచ్చట భూతము శ్మశానమున లేదు. మూతపడిన కర్మాగారమున నున్నది. రాజు లేడు, పని పోయినవారు నలుగురు కలిసి పోవలెను. 1990, 1991 సంవత్సరములలో ఆ దేశమున మాంద్యముండెను. అంతకు ముందే అచ్చటి పాత కర్మాగారపు పట్టణములు చితికియుండెను. రచయిత భయమును ఎచ్చటనుండి తెచ్చెనో వేరుగ చెప్పనక్కరలేదు.

నన్నధికముగ ఆకర్షించినది వేరొకటి. ఈ ఆటలో మంత్రము స్థానమున ‘ఎంపతీ’ అను శక్తి కలదు. ఇతరుల హృదయమునందలి బాధను తన హృదయమున గ్రహించుట యని దాని అర్థము. బలము, చురుకుదనము, విద్య వలెనే దానికిని ఒక సంఖ్య యుండును. ఆ శక్తి కలవాడు ఎదుటివాని మనస్సును, జంతువుల మనస్సును గూడ తెలిసికొనును. రాబోవు కీడు వానికి ముందే తోచును. 1981లో వెలువడిన ‘కాల్ ఆఫ్ క్తులూ’ అను ప్రసిద్ధమైన ఆటలో భయమును చూచిన కొలది మతి చలించి తరిగిపోవును. అదియు గొప్ప కల్పనయే. కాని చీకటిని కనిపెట్టు సాధనము సహానుభూతియే యనుట నాకు మరింత లోతుగ తోచినది.

ఒకనాటి ఆట చెప్పెదను. మా ఇంటి అరుగుమీద లాంతరు పెట్టుకొని అయిదుగురము కూర్చుంటిమి. బావ సూత్రధారి. నాది సంస్థవారు తొలగించిన లెక్కల గుమాస్తా పాత్ర. నా తమ్ముడు పదవి పోయిన పోలీసు. కాఫీ అడిగెడివాడు పత్రికా విలేకరి. చేనేతవారి పిల్లవాడొకడు ఆసుపత్రి పరిచారకుని పాత్ర ధరించెను. ఎంపతీ వానికే అధికము. పాడుబడిన కార్యాలయమున నాకు బిల్లుల కట్ట దొరకినట్లు బావ చెప్పెను. జనసంఖ్య సున్న యని వ్రాసిన ఊరికి నెలకు మూడువందల బస్తాల ఉప్పు పోవుచున్నది. "మనుష్యులు లేని ఊరికి ఉప్పేల, బావా?" అని వాడు నన్నే అడిగెను. అంతవరకు ఏ భూతమును వర్ణింపలేదు. అయినను నా చేతి వెండ్రుకలు నిక్కపొడుచుకొనెను. భయానకమును రసములలో చేర్చిన భరతముని మాట ఆ క్షణమున నాకు పుస్తకమునుండి ఇవతలకు వచ్చినది.

ఆ ఊరి గిడ్డంగిని చేరితిమి. లోపలనున్నది భూతము గావున నిప్పు పెట్టి పోవుదమని తమ్ముడనెను. పరిచారకుడు పాచిక వేసెను, పడినది ఒకటి. గోడల వెనుక మనుష్యులు బ్రతికి యున్నారనియు, వారు సంస్థ జీతపు పట్టీనుండి పేర్లు కొట్టివేయబడిన కూలీలనియు వానికి తెలిసినది. వారిని విడిపింప పూనుకొన్నచో మాలో ఎవరును మిగులమని లెక్క స్పష్టముగా నుండెను. ఆ లెక్క కట్టి చెప్పినవాడను నేనే. లాంతరులో నూనె అయిపోవువరకు వాదము జరిగినది. చివరకు ఆ చేనేతపిల్లవాడు "ఖాతాలో పేరు లేనివాడు మనిషి గాకపోవునా?" అని లోనికి పోయెను. వాని వెనుక మేమును పోయితిమి. ఆ రాత్రి మా నాలుగు పాత్రలును మరణించినవి. లోపలివారిలో ఎనమండ్రు బయటపడిరని బావ చెప్పెను.

వాడు 1998లో మగ్గము అమ్ముకొని సూరత్ పోయెను. వాని ఇంటికి తాళము నేటికిని అట్లే యున్నది. గ్రంథాలయమునకు వచ్చునపుడు మీరందరు చూచుచునే యున్నారు.

ప్రచురించిన సంస్థ 1996లోనే మూతపడినది. ఆట హక్కులు చేతులు మారి పుస్తకము మరల అచ్చయినదట. భవిష్యత్తని వ్రాసినది భూతకాలమైనది. 2008 మాంద్యమున బావయు పని పోగొట్టుకొని కొన్ని నెలలు ఖాళీగా నుండెను. 2013లో డెట్రాయిట్ నగరమే దివాలా దాఖలు చేసినపుడు ఆయన ఫోనులో "ఉప్పు బస్తాల ఊరు జ్ఞాపకమున్నదా?" అని మాత్రము అడిగెను.

పిల్లలు చెడుదురను సందేహము మనకొక్కరికే రాలేదు. 1980లలో అమెరికాలోను ఇట్టి ఆటలపై పెద్ద అలజడి రేగినది. ఎదిరించుటకు 1983లో ఒక సంఘమే వెలసినది. తరువాతి పరిశీలనలలో ఆ ఆరోపణ నిలువలేదు. అయినను పదేండ్ల పిల్లల చేతికి ఈ పుస్తకమీయవలెనని నేననను. పదవ తరగతి దాటినవారికి, పెద్దవారొకరు కూర్చుండగా ఇచ్చినచో చాలును. ఒంటరిగా ఫోను చూచుచు భయపడుటకంటె నలుగురు కూడి భయపడుట మేలని నా అభిప్రాయము.

పాచికలలో ఒకటి పోయినది. ఒకటి మొదలు పదివరకు అంకెలు వ్రాసిన చీటీలను డబ్బాలో వేసి ఆడవచ్చును, మేమట్లును ఆడితిమి. నియమములను తెలుగున ఒక నోటుపుస్తకమున వ్రాయుచున్నాను, సగమైనది. ఎంపతీకి సహానుభూతి యనవలెనా, అలంకారికులు చెప్పిన సహృదయత యనవలెనా యనునది ఇంకను తేలలేదు. మీలో తెలిసినవారు ఆదివారము సాయంకాలము వచ్చి చెప్పవలెను.