వెదురు వేణువు – గురువు విద్య



ఊరి వాద్యము బడిలోనికి రావలెనన్న, ముందు గురువు చేతికి రావలెను. ఇందులకు ఆఫ్రికాలోని ఘనా దేశీయుడైన ఎఫ్రయిమ్ ఆము (1899–1995) చరిత్రయే నిదర్శనము.

ఆ దేశము గోల్డ్ కోస్టు అను పేర ఆంగ్లేయుల యేలుబడిలో నుండగా, 1926లో ఆము అక్రోపాంగ్ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో బోధకుడయ్యెను. నాడు అచట పాశ్చాత్య ప్రార్థనాగీతములకే గౌరవము. ఆము పల్లెపాటల లయలను సేకరించి, ఎవే, ట్వీ భాషలలో గీతములు కట్టి విద్యార్థులకు నేర్పెను. స్వదేశపు వస్త్రము ధరించి ప్రసంగవేదిక నెక్కినందుకు మతపెద్దలు ఆక్షేపించిరి. 1933లో కొలువు పోయెను.

అయినను ఆయన వెనుదిరుగలేదు. అచిమోట కళాశాలలో చేరెను. పాశ్చాత్య సంగీతమును ద్వేషింపక, లండను వెళ్లి 1937 మొదలు 1940 వరకు రాయల్ కాలేజీలో దానినే అభ్యసించెను. కృష్ణుని మురళివలె అడ్డముగా గాక నిలువుగా పట్టి ఊదు ‘అటెంటెబెన్’ అను వెదురు వేణువును పాశ్చాత్య స్వరములతో కలియునట్లు తీర్చి, సంగీతోపాధ్యాయులకు నేర్పెను. వారి వెంట అది ఘనా బడులకు చేరెను.

పరవిద్య నేర్చుట తప్పు గాదు. దానికై ఇంటివిద్యను మరచుటయే తప్పు. మన డప్పునకును, పిల్లనగ్రోవికిని బడి తలుపు తెరువగల గురువులు మనకును కావలెను.