ఒకే యెదలో రెండు యంత్రములు



పల్లెలో ఒకరు పడిపోయినపుడు పెద్దవారు వచ్చి మణికట్టు పట్టి నాడి చూచుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. నాడి చిక్కకున్నచో ఆశ వదలుకొందుము. ఈ నిర్ణయము చెల్లని మనుష్యులు నేడు మనదేశమునను గలరు.

గుండెజబ్బు ముదిరినపుడు లోపములు రెండు కలుగవచ్చును. ఒకటి, కండ సడలి రక్తమును తోయజాలకుండుట. రెండవది లయభంగము: ఉన్నట్టుండి గుండె సరిగా కొట్టుకొనుట మాని అదరసాగును. ఏతము త్రొక్కువాని బలము వేఱు, తాళము తప్పకుండుట వేఱు. కావున కొందఱి యెదలో వైద్యులు రెండు యంత్రములను అమర్చుచున్నారు.

లయను కాచునది చిన్న పెట్టె. చర్మము క్రింద నుండి, తీగద్వారా గుండెను కనిపెట్టుచు, లయ తప్పగానే విద్యుత్తుతో తట్టి లేపును. పోలెండున పుట్టిన మిషెల్ మిరోవ్‌స్కీ అను వైద్యుడు, గురుతుల్యుడైన తన పై వైద్యుడు లయభంగముచే మరణింపగా ఈ యంత్రమునకై పూనుకొనెను. 1980లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున దానిని మొదటిసారి మనుష్యునకు అమర్చిరి.

రెండవది పంపు. గుండె యెడమగది కొననుండి రక్తమును తీసికొని బృహద్ధమనిలోనికి పంపును. దాని తీగ పొట్టమీదుగా వెలికి వచ్చి నడుమున కట్టిన బాటరీలను చేరును. అమెరికాలో 129 మంది రోగులపై జరిగి 2001లో ప్రకటింపబడిన పరీక్షలో, ఏడాది తరువాత మందులు మాత్రమే వాడినవారిలో నూటికి 25 మంది, పంపు గలవారిలో 52 మంది బ్రదికియుండిరి. ఆనాటి పంపు గుండెవలె కొట్టుకొనెడిది. ఇప్పటివి చక్రము త్రిప్పి ఎడతెగని ధారగా పంపును. అందుచేతనే తఱచుగా నాడి చేతికి అందదు.

ఇద్దఱు పండితులు ఒకే అరుగుపై కూర్చున్నట్లు, వీటి పొత్తును సర్దవలసియుండును. లయ తప్పినను పంపు రక్తమును నడుపుచుండుటచే రోగి మెలకువతోనే ఉండవచ్చును. అట్టివానిని పెట్టె తట్టినచో గుఱ్ఱము రొమ్మున తన్నినట్లుండును. కావున తొందరపడి తట్టకుండ దానిని వైద్యులు దిద్దుదురు. ఆ సమయమున రోగిని తాకినవారికి చేయి కొంచెము జిల్లుమనవచ్చును గాని హాని లేదు.

అట్టి రోగి తెలివి తప్పినచో నాడి చూచి తీర్పు చెప్పవలదు. ఎదపై చెవి యానించుడు. పంపు తిరుగుచుండినచో తుమ్మెద ఝంకారము వంటిది వినబడవచ్చును. బాటరీలు, తీగలు ఊడినవేమో చూచి, పంపు అమర్చిన ఆసుపత్రికి వెంటనే టెలిఫోను చేయింపుడు. కరెంటు పోవు ఊళ్లలో నిండిన బాటరీలు ఎల్లపుడు సిద్ధముగా ఉండవలెను.

ఇక చెప్పుటకు నోరాడని మాట. అంత్యకాలము నిశ్చయమైనపుడు పెట్టె తట్టుట మాన్పింపుమని వైద్యుని ముందుగనే అడుగవచ్చును. లేనిచో పోవు ప్రాణికి వృథాబాధ. దహనమునకు ముందు పెట్టెను తీయించి తీరవలెను. నిప్పు తగిలినచో దాని బాటరీ ప్రేలును. అది చర్మము క్రింది చిన్నకోతతో అగు పని. శవమును కాటికి తరలింపకముందే వైద్యునిచేత చేయింపుడు.